బీడు పెట్టిన దీవి

సింగపూరు మహానగరమునకు పది నిమిషముల పడవ దూరములో నున్న పులావ్ ఉబిన్‌లో సైకిలుపై ఒక పగటి ప్రయాణము

చాంగీ రేవులో ఉదయమున పదకొండుమంది ప్రయాణికులు బల్లలమీద కూర్చుండి, పండ్రెండవ మనిషి కొరకై మెట్లవైపు చూచుచుండిరి. ఇక్కడి పడవలకు వేళల పట్టిక లేదు. పండ్రెండుమంది చేరినప్పుడే సరంగు త్రాడు విప్పును. తొందర గలవారు మిగిలిన చోట్ల వెలకూడ తామే చెల్లించినచో వెంటనే విప్పును. తలకు నాలుగు డాలర్లు, వెంట సైకిలున్నచో దానికి మరి రెండు. రైలు ఒక్క నిమిషము ఆలస్యమైనను ముఖము చిట్లించు నగరవాసులు, ఒకరికొకరు అపరిచితులై యుండియు ఒకే లెక్కలో చిక్కుకొని, మెట్లు దిగివచ్చు ప్రతి మనిషిని పెండ్లికి వచ్చిన చుట్టమును చూచినంత ఆశతో చూచుచుండుట ముచ్చట గొలుపుచుండెను.

ఆ పదకొండుమందిలో నలుగురు తెలుగువారు. ఉద్యోగరీత్యా ఇక్కడ స్థిరపడిన యువకుడు, అతని భార్య, వారి చిన్నపిల్ల, వేసవికి తెనాలి ప్రాంతమునుండి కొడుకు దగ్గరకు వచ్చిన తండ్రి. ఆ పెద్దాయన గోడమీది పటము ముందు చేతులు వెనుకకు కట్టుకొని నిలిచి, పొలము బేరమునకు వచ్చినవాని చూపుతో ద్వీపపు సరిహద్దులను పరిశీలించుచుండెను.

"ఇదంతా ఎన్ని ఎకరాలుంటుందిరా?"

"రెండువేల అయిదువందల దాకా ఉంటుంది నాన్నా."

"ఇళ్లు?"

"పెద్దగా లేవు. రేవు దగ్గర కాసిని పాత ఇళ్లు. మిగతాదంతా అడవే."

"మరి ఈ ఒడ్డున అగ్గిపెట్టెంత ఫ్లాటుకు కోట్లు పోయాలంటున్నారుగా! ఇంత చెక్కను పక్కనే ఉంచుకొని బీడు పెట్టేశారేంటి వీళ్లు?"

కొడుకు నవ్వి ఊరకుండెను. అంతలో మడత సైకిలు నొకదానిని భుజమున వేసుకొని పండ్రెండవ ప్రయాణికుడు దిగివచ్చుటయు, అందరు ఒక్కమారుగా లేచుటయు, డీజిలు పొగ వదలుచు పడవ కదలుటయు జరిగినవి.

పెద్దాయన ప్రశ్న నవ్వి విడువదగినది కాదు. గ్రేట్ నికోబార్‌లో గలాథియా అఖాతమున మహా నౌకాశ్రయము, విమానాశ్రయము, విద్యుత్కేంద్రము, నూతన పట్టణము నిర్మింపబూనిన ప్రణాళికకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించిననాటినుండియు, లక్షద్వీపములను విహారస్థలములుగా తీర్చవలెనను మాట మరల ఊపందుకొన్ననాటినుండియు, జనము తక్కువగానున్న ద్వీపమును ఏమి చేయవలెనను చర్చ మన పత్రికలలో ఎడతెగక సాగుచున్నది. ఒక పక్షమువారు అభివృద్ధి యందురు, ఒక పక్షమువారు అరణ్యమందురు. ఉభయులును సింగపూరునే ఉదాహరణముగా చూపుదురు. అట్టి సింగపూరు తన నేలను సముద్రములో మట్టి పోసి పెంచుకొన్న నగరము. 1960ల ప్రాంతమున సుమారు 580 చదరపు కిలోమీటర్లుగా ఉన్న దాని విస్తీర్ణము నేడు 730 దాటినది. చదరపు గజముకొరకు సముద్రముతో తగవులాడు ఊరు, వాకిటిలోనున్న పది చదరపు కిలోమీటర్లను ఎందుచేత అట్లే ఉంచినది? పెద్దాయన అడిగినది ఇదియే.

రేవు వీధి, అద్దె సైకిళ్లు

జలసంధి మధ్యకు పోవుసరికి రెండు ప్రపంచములు ఒక్కసారిగా కనబడును. వెనుక చాంగీ విమానాశ్రయము నుండి లేచు విమానములు. ఎదుట ఆవలి ఒడ్డున మలేషియాకు చెందిన పాసిర్ గుడాంగ్ కర్మాగారముల పొగగొట్టములు. ఈ రెంటి నడుమ పచ్చగా, పొట్టిగా, వంకరగా పరుండి యున్నది ఉబిన్. దాని ఎత్తయిన శిఖరము పువాకా గుట్ట 74 మీటర్లు మాత్రమే. సింగపూరు నగరపు భవనములలో అనేకము దానికంటె ఎత్తు.

రేవు దాటి నాలుగడుగులు వేసినచో గ్రామము. రేకు కప్పులు, చెక్క గోడలు, కొబ్బరిబోండములు పేర్చిన బల్లలు, చేపల వంటకములు చేయు భోజనశాలలు, వీధి చివర చైనీయుల తువా పెక్ కాంగ్ దేవాలయము, దాని కెదురుగా ఉత్సవకాలమున నాటకమాడు రంగస్థలము. ప్రధాన ద్వీపమునుండి విద్యుత్తు గాని, కుళాయి నీరు గాని ఈ దీవికి రాలేదు. ఇంటింటికి బావి, పెరటిలో డీజిలు జనరేటరు. 2013లో రేవు సమీపమున కొన్ని దుకాణములకును ఇండ్లకును సౌరఫలకములతో కూడిన ఒక చిన్న విద్యుద్వ్యవస్థను ప్రయోగముగా నెలకొల్పిరి. తక్కినవారి రాత్రులు జనరేటరు చప్పుడుతోనే గడచును. ప్రశాంతద్వీపమని విని ఇక్కడ బస చేయవచ్చినవారికి మొదట వినవచ్చునది ఆ చప్పుడే.

వీధి కిరువైపుల నున్నవన్నియు దాదాపు సైకిలు అద్దె దుకాణములే. వందల కొలది సైకిళ్లు వరుసలు కట్టి నిలబడియుండును: ముందు బుట్ట గలవి, గేర్లు గలవి, ఇద్దరు త్రొక్కునవి, వెనుక పసిబిడ్డ పీట గలవి. ఒక దుకాణములో డెబ్బది దాటిన అమ్మ ఒకతె, ముక్కు మీదికి జారిన కళ్లజోడుతో, అద్దెకిచ్చు ప్రతి సైకిలు వెనుక చక్రమును ఒంటిచేత లేపి, పెడలు గిర్రున త్రిప్పి, బ్రేకు నొక్కి, చెవి యొగ్గి వినుచుండెను. రబ్బరు చప్పుడు నచ్చనిదానిని ప్రక్కకు నెట్టి మరియొకదానిని లాగును. భాష రాకున్నను పెద్దాయన ఆమె పనితనమును చూచి తల ఆడించి, "ఈమె చేతి సైకిలైతే నేనూ ఎక్కుతానమ్మాయ్" అని కోడలితో ననెను. ముప్పది యేండ్లుగా సైకిలు తాకనివాడు, రెండుసార్లు కాలు నేలకానించి, మూడవసారి సాగిపోయెను.

దీవిలో మోటారు బండ్లు లేకపోలేదు. దుకాణముల సరుకు మోయుటకు, నడువలేనివారిని చేరవేయుటకు కొన్ని పాత వ్యానులు తిరుగుచుండును. కాని దారి ప్రధానముగా సైకిలుదే. ముఖ్యమైన దారులు తారు వేసినవి. ప్రక్క దారులు గులకరాళ్లవి. భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీల లోపుననున్న చోటు గనుక చెమట మాటకు అంతు లేదు. అయినను దారి పొడవున చెట్లు పందిరి వేసినవి, ఆ పందిరి క్రింద ఎండ చిల్లర నాణెములై రాలుచుండును. చిన్న చిన్న మిట్టలు వచ్చుచునే యుండును. ఎక్కునప్పుడు తిట్టుకొన్నవారే దిగునప్పుడు కేక వేయుదురు.

> దీవి జాతకము
>
> వైశాల్యము: సుమారు 10.2 చదరపు కిలోమీటర్లు.
>
> స్థానము: సింగపూరునకు ఈశాన్యమున, జోహోరు జలసంధిలో.
>
> జనము: 1950లలో దాదాపు రెండువేలు, నేడు కొన్ని పదులు.
>
> పూర్వవృత్తులు: రాతి క్వారీలు, రబ్బరు, కొబ్బరి తోటలు, చేపలు, రొయ్యల చెరువులు.
>
> ఒకప్పుడు ఉప్పుటేళ్లచే విడివడిన చిన్న చిన్న దీవుల గుంపు ఇది. రొయ్యల చెరువుల కట్టలు వాటిని కలిపినవి.

రాయి పోయిన చోట నీరు

రేవు వీధి విడిచి పడమటికి సాగినచో కంచెల వెనుక నుండి ఉన్నట్టుండి నీలాకుపచ్చని సరస్సు కనబడును. నిట్రమైన గ్రానైటు గోడలు, నీటిమీద అలలేదు, గట్టు చెట్లపై బూడిదరంగు కొంగల గూళ్లు. ఇది ప్రకృతి తీర్చిన తటాకమని భ్రమపడి ఫోటో తీసికొనువారే యధికము. ఇది పెకాన్ క్వారీ. ఇటువంటి గోతులు దీవిలో అనేకములు కలవు.

పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధము మొదలుకొని ఉబిన్ ఒక గని. సింగపూరునకు తూర్పున, పెద్రా బ్రాంకా శిలమీద జాన్ టర్న్‌బుల్ థామ్సన్ 1850–51లో కట్టించిన హార్స్‌బర్గ్ దీపస్తంభమునకు రాయి ఇక్కడినుండియే పోయినది; చైనీయ శిల్పులు దీవిలో దానిని చెక్కి, పడవల కెక్కించిరి. 1924లో సింగపూరును మలయా ద్వీపకల్పముతో కలిపిన రాతి వంతెనకును ఈ దీవి రాయి వాడబడినది. నగరము పెరిగినకొలది దీవి తరిగినది. రోడ్లు, రేవుగట్టులు, పునాదులు, ఆ మీదట పొడవుపొడవు నివాసభవనములు: నేడు నగరవాసి కాలూనిన చోట అడుగున ఎంత ఉబిన్ ఉన్నదో లెక్కకు రాదు.

ఇక్కడ మనవారికొక మాట. 1873 వరకు సింగపూరు హిందూదేశపు ఖైదీలకు ప్రవాసశిక్షాస్థలము. బంగాళము, బొంబాయి, మద్రాసు ప్రెసిడెన్సీలనుండి సంకెలలతో తెచ్చిన మనుష్యులచేత దొరలు అడవులు కొట్టించిరి, దారులు వేయించిరి, సెయింట్ ఆండ్రూస్ కెథీడ్రల్ కట్టించిరి. ఉబిన్ క్వారీలలో రాయియు కొట్టించిరి. నాటి మద్రాసు ప్రెసిడెన్సీ యనగా తెలుగు జిల్లాలును చేరినదే. కావున ఈ దీవికి తెలుగువారు ఆదివారపు విహారమునకే మొట్టమొదట వచ్చిరని యనుకొనుట పొరపాటు కావచ్చును.

క్వారీలు 1970ల నుండి క్రమక్రమముగా మూతపడినవి. 1999 నాటికి పని పూర్తిగా ఆగినది. వాన నీరు గోతులను నింపినది. గట్లమీద అరణ్యము మొలచినది. కేతామ్ క్వారీ చుట్టును 2008లో కొండదారుల సైకిలు క్రీడామైదానమును తెరచిరి. హెల్మెట్లు ధరించిన కుర్రవాండ్రు రాళ్లమీదినుండి దూకుచుందురు. మనము త్రొక్కు బుట్ట సైకిలు అక్కడికి పనికిరాదు. వెలుపల నిలబడి చూచుట క్షేమము.

ఈ భాగమున నాకు తోచినదేమనగా, పెద్దాయన అనిన "బీడు" అను మాట ఈ దీవికి తగదు. దీనిని ఎవరును తాకక విడువలేదు. నూటయేబది యేండ్లు త్రవ్వి, నరికి, నాటి, రబ్బరు పాలు పిండి, రొయ్యలు పెంచి, రాబడి అడుగంటిన పిమ్మట ప్రక్కన పెట్టిరి. ఇప్పుడు మనము "ముట్టని ప్రకృతి" యని మురియుచున్నది పని ముగిసిన పనివాని విశ్రాంతి. దారి ప్రక్క అడవిలో రబ్బరు చెట్లు నేటికిని వరుసలు తప్పక నిలిచియుండుట గమనించినవారికి ఈ సంగతి తనంతనే తెలియును. అడవి చెట్లు వరుసలో మొలవవు.

బార్బీకి దండము

కేతామ్ క్వారీ సమీపమున చెట్ల నడుమ పసుపుపచ్చని చిన్న గుడి ఒకటి కలదు. పీఠముపై దేవతావిగ్రహము స్థానమున బంగారు జుట్టు గల ప్లాస్టిక్ బార్బీ బొమ్మ. దాని ముందు అత్తరు సీసాలు, గోళ్లరంగు డబ్బాలు, లిప్‌స్టిక్కులు, చేతి అద్దములు, దువ్వెనలు, పండ్లు, సాంబ్రాణి కడ్డీల బూడిద.

కథ ఇది. ప్రథమ ప్రపంచ సంగ్రామము ఆరంభమైన 1914లో ఈ దీవిలో కాఫీతోట చేయుచున్న ఒక జర్మన్ కుటుంబమును నిర్బంధించుటకు ఆంగ్ల సైనికులు వచ్చిరనియు, ఆ ఇంటి బాలిక వెనుకదారిని పారిపోవుచు క్వారీ గోతిలో పడి మరణించెననియు, కూలివారు ఆమె శరీరమును కనుగొని సమాధి చేసిరనియు, తరువాత క్వారీ పని ఆ చోటికి రాగా అవశేషములను గుడికి మార్చిరనియు స్థానికులు చెప్పుదురు. ఎంతవరకు నిజమో, ఎంతవరకు కల్పనమో యనుట చరిత్రకారుల పని. భక్తులకు ఆ చింత లేదు. చీనా, మలయా ఆచారములు రెండును ఈ గుడిలో కలగలసినవి. లాటరీ నంబరు కోరి వచ్చువారును కలరు. బొమ్మ మాత్రము ఈ శతాబ్దములో చేరిన క్రొత్త విగ్రహము.

"మామయ్యగారూ, మన ఊళ్లో పేరంటాలమ్మ గుళ్లాగే ఉంది గదండీ" అని కోడలు మెల్లగా ననెను. ఆమె పోల్చుటలో తప్పు లేదు. అకాలమృత్యువు పాలైన కన్యను, ముత్తైదువను గ్రామము తన ఆడపడుచుగా భావించి, పసుపు కుంకుమలిచ్చి శాంతింపజేయుట మన పల్లెలలోనూ ఉన్నదే. ఇక్కడ ఆ పిల్ల పరదేశి, క్రైస్తవురాలు, పగవారి బిడ్డ. అయినను దిక్కులేని చావు చచ్చినదన్న ఒక్క జాలిచేత కూలివారు ఆమెను తమ దేవతలలో చేర్చుకొనిరి.

"తాతయ్యా, బార్బీకి దండం పెట్టాలా?" అని చిన్నది అడిగెను.

"పెట్టమ్మా. ఎవరైతేనేం, పెట్టు."

పులిహోర పొట్లము

సైకిలు బుట్టలో తినుబండారములు విడిచి పోరాదని దారి పొడవున బోర్డులు హెచ్చరించుచునే యున్నవి. మనవారు బోర్డులు చదువుదురు గాని నమ్మరు. చెట్టు నీడన సైకిళ్లు నిలిపి, అందరును నీటిగట్టు దగ్గరకు పోయిన రెండు నిమిషములలో, పొదలనుండి అడవిపంది ఒకటి తాపీగా వచ్చి, ముందు కాళ్లు బుట్టకానించి సైకిలును పడవేసి, అరిటాకులో చుట్టిన పులిహోర పొట్లమును నోట కరచుకొని, వచ్చినంత తాపీగా పోయెను. దాని వెనుక చారల పిల్లలు అయిదారు. మిగిలిన మెతుకులను కోతులు వచ్చి ఏరుకొనెను. కోడలు తెల్లబోయి చూచుచుండగా మామగారు మాత్రము, "ఇంగువ ఘాటుకే వచ్చుంటుంది" అని సంతోషపడెను.

ఈ జంతువుల ఉనికి వెనుక మనుష్యుల నిష్క్రమణ కథ యున్నది. ఇండ్లు ఖాళీయై, తోటలు అడవిలో కలసినకొలది ఆ జాగాలోనికి ఇవి వచ్చినవి. సింగపూరులో నూరేండ్లకు పైగా జాడలేని మలబారు జాతిని పోలిన నలుపు తెలుపు హార్న్‌బిల్ పక్షుల జంట 1994లో ఇక్కడ మరల కనబడినది. నేడు నగరపు ఉద్యానములలో సైతము వాటి సంతతి రెక్కల చప్పుడు వినవచ్చును. దేశములో అంతరించినదని యెంచిన పెద్ద మూషికమృగము, కుందేలుకంటె కొంచెము పెద్దదైన బుల్లి జింకవంటి ప్రాణి, 2008లో ఈ అడవిలోనే బయటపడినది. మన ఇండ్ల కోళ్లకు మూలపురుషుడైన అడవికోడి దారికడ్డముగా పరుగెత్తును. 1990లో జోహోరు అడవులనుండి మూడు ఏనుగులు సముద్రము ఈది ప్రక్కనున్న టెకాంగ్ దీవి చేరినవన్నచో, ఈ జలసంధి జంతువులకు సరిహద్దు కాదని స్పష్టము.

> ఏనుగు, పంది, కప్ప
>
> స్థానిక పురాణము ప్రకారము ఒక ఏనుగు, ఒక పంది, ఒక కప్ప సింగపూరు నుండి జోహోరు ఒడ్డునకు ఎవరు ముందు ఈదుదురో యని పందెము వేసికొనెనట. చేరలేనిది రాయి కావలెనని నియమము. మూడింటికిని శక్తి చాలలేదు. కప్ప మారిన రాయి సెకుడు అను బుల్లి దీవి. ఏనుగు, పంది మారినవి ఉబిన్ దీవి రెండు భాగములు; నడుమ పారునది జెలుటాంగ్ ఏరు.

చెక్ జావా గండము గడచిన విధము

రేవునుండి తూర్పుగా మూడు కిలోమీటర్ల పైచిలుకు త్రొక్కినచో దారి ముగియును. సైకిళ్లను బయట నిలిపి నడువవలెను. ఎదుట సముద్రపుటొడ్డున, చెక్క దూలములు తాపిన ఆంగ్ల పల్లెటూరి ఇల్లొకటి, త్రోవ తప్పి వచ్చినట్లు నిలబడియున్నది. 1930లలో ముఖ్య సర్వేయరు లాంగ్డన్ విలియమ్స్ విహారగృహముగా కట్టించుకొన్నది. లోపల చలిమంటల పొయ్యికూడ కలదు! భూమధ్యరేఖ దగ్గర చలి కాచుకొనుటకు పొయ్యి కట్టించుకొన్న దొరగారి స్వదేశ విరహమును తలచుకొన్నచో నవ్వును వచ్చును, జాలియు కలుగును. ఇప్పుడది చెక్ జావా సందర్శక కేంద్రము.

చెక్ జావా అనునది ఆటు వేళ బయటపడు విశాలమైన తీరభూమి. ఇసుక తీరము, రాతి తీరము, సముద్రపు గడ్డి మైదానము, పగడపు ముక్కల దిబ్బ, మడ అడవి, తీరారణ్యము, ఈ ఆరును ఒక్కచోట కలసినవి. కిలోమీటరుకు మించిన చెక్క దారిని సముద్రముమీదను, మడచెట్ల నడుమను వేసిరి. దానిపై నిలిచి క్రిందికి చూచినచో మొదట బురద తప్ప ఏమియు కనబడదు. అరనిమిషము కదలక నిలిచినచో బురద కదలుట మొదలిడును. గోరంతలేసి పీతలు, ఒక డెక్క చిన్నది, ఒక డెక్క ఒంటికి మించినంత పెద్దది, కన్నములనుండి తొంగిచూచి, ఆ పెద్ద డెక్కను పైకెత్తి దించుచు ఆడుపీతలకు సైగ చేయుచుండును. చిన్న డెక్కతో బురద నోటిలో పెట్టుకొని, సారము పీల్చి, మిగిలిన ఇసుకను ఉండలుగా చుట్టి విడుచును. మగపీతకు భోజనమునకు పనికివచ్చునది ఆ ఒక్క చిన్న డెక్కయే. పెద్దది కేవలము ప్రదర్శనమునకు, కలహమునకు. ప్రక్కనే బురదమీద రొమ్ము రెక్కలతో నడచు చేప ఎగిరి మరియొక మడుగులో పడును.

ఈ తీరమంతయు మట్టి క్రింద పూడవలసినది. భూపూరణకు నిర్ణయము జరిగిపోయినది; యంత్రములు వచ్చు దినము దగ్గరపడినది. 2000 సంవత్సరాంతమున ఒక వృక్షశాస్త్రజ్ఞుడు విద్యార్థులతో ఇక్కడికి వచ్చి ఇక్కడి ప్రాణిసమృద్ధిని చూచి నివ్వెరపోయెను. మాట ప్రాకినది. సంగ్రహాలయ శాస్త్రజ్ఞులును స్వచ్ఛంద సేవకులును ఆటు వేళలలో దిగి, త్రాళ్లు పరచి, ప్రాణులను లెక్కించి నివేదిక సమర్పించిరి. నినాదములు, ఊరేగింపులు లేవు. ఆ దేశపు పద్ధతి అది కాదు. పోబోవు తీరమును కడసారి చూతమని కుటుంబములు పిల్లలతో వేల సంఖ్యలో పడవలెక్కిరి. పత్రికలలో ఉత్తరములు వెల్లువెత్తెను. 2001 డిసెంబరులో ప్రభుత్వము భూపూరణను వాయిదా వేసినది. 2007లో చెక్క దారులతో తీరము ప్రజలకు తెరవబడినది.

రక్షణ లభించిన పిదపను గండము తప్పలేదు. 2006–07 శీతకాలమున జోహోరులో కుండపోతగా వానలు కురిసి, నదుల మంచినీరు జలసంధిలోనికి వెల్లువై రాగా, ఉప్పునీటి ప్రాణులు గుంపులు గుంపులుగా చచ్చినవి. తీరము తేరుకొనుటకు కాలము పట్టినది. చుట్టును కంచె కట్టుటకు వీలులేని సంపద ఇది. ప్రక్క దేశపు వాన ఇక్కడి పీతల తలరాత వ్రాయును.

> వెళ్లదలచినవారికి
>
> చెక్ జావాను ఆటు వేళ చూడవలెను. పోటు వేళ పోయినచో నీరు తప్ప మరేమియు కనబడదు. బయలుదేరుటకు ముందు ఆటుపోటుల పట్టిక చూచుకొనుడు. ఉదయపు పడవయే మేలు. మధ్యాహ్నము పిమ్మట వానకు నమ్మకము లేదు. బ్రేకులను దుకాణము ముందే పరీక్షించుడు. పొద్దు గూకిన పిమ్మట పండ్రెండుమంది చేరుట కష్టము. పులిహోరను భుజము సంచిలోనే యుంచుడు.

అడవి నిలిచినది, ఊరు?

పీతలకు దొరికిన న్యాయవాదులు మనుష్యులకు దొరికిరా యన్న ప్రశ్న దీవి చుట్టి వచ్చినవానిని విడువదు. 1952లో ఇక్కడ ఊరి పిల్లల కొరకు బిన్ కియాంగ్ పాఠశాల వెలసినది. ఒక దశలో నాలుగువందలమంది చదివిరందురు. క్వారీ పని తగ్గి, నగరములో నివాసభవనములు లేచి, కుటుంబములు ఒక్కొక్కటే తరలిపోగా, 1985లో బడి మూతపడెను. 2000లో కట్టడమును పడగొట్టిరి. ఊరు పోవుటకు ఎవరును ఆజ్ఞ జారీ చేయలేదు. జీతము ఆ ఒడ్డున, కుళాయి ఆ ఒడ్డున, బడి ఆ ఒడ్డున ఉండగా ఈ ఒడ్డున మిగులువారెవరు?

2013లో ఇరువదిరెండు కుటుంబములకు ప్రభుత్వపు ఉత్తరము వచ్చినది. వారి ఇండ్లున్న నేలను సాహసక్రీడల వనము కొరకు ఎన్నడో సేకరించినందున "కట్టడముల తొలగింపు" అను శీర్షికతో ఆ ఉత్తరము నడచినది. దేశమంతట కలవరము పుట్టగా, ఎవరినీ వెడలగొట్టుట లేదనియు, ప్రభుత్వభూమిలో నున్నందుకు తాత్కాలిక నివాసపు లైసెన్సు రుసుము మాత్రము కట్టవలెననియు అధికారులు వివరణ యిచ్చిరి. మరుసటి సంవత్సరమే దీవి సహజస్వరూపమును, వారసత్వమును కాపాడుట కొరకై "ఉబిన్ ప్రాజెక్టు" ప్రారంభమైనది. ఆ క్రమములో 363బి అను సంఖ్యగల ఒక పాత గ్రామగృహమును బాగుచేసి, పూర్వపు సామగ్రితో అలంకరించి, చూపరుల కొరకు తెరచిరి. చక్కగా చేసిరి, సందేహము లేదు. కాని పొయ్యిమీద కుండ పెట్టి, గోడకు పాత క్యాలెండరు తగిలించి, వంటచేయు మనిషి లేకుండ చూపించు ఇంటిని చూచినప్పుడు నాకు కొంత వెలితియే తోచెను. ఆ ఇంటికి వందగజముల దూరములో ఇంకను నిజముగా పొయ్యి రాజేయుచున్న వృద్ధురాలి కప్పు కారుచున్నచో ఆ ముచ్చట చూచువారు ఎవరని.

ఇదంతయు చెప్పుట సింగపూరును తప్పుపట్టుటకు కాదు. భూమి విషయమున అంతటి ఆకలిగల రాజ్యము ఒక తీరమునకు, ఒక అడవికి పాతికేండ్ల గడువిచ్చుట సామాన్యము కాదు. మన దేశములో అట్టి గడువు దొరికిన తీరములు ఎన్ని? అయితే గడువు గడువే. చెక్ జావాను అభివృద్ధికి అవసరము కలుగనంతవరకు ముట్టమనిరే గాని ఎన్నటికిని ముట్టమని చట్టము చేయలేదు. దీవిని "సాధ్యమైనంత కాలము" పల్లెగా నుంచుదుమనుటయే ప్రభుత్వపు మాట. ఆ సాధ్యాసాధ్యములను తేల్చువారు దీవిలో నివసించరు.

ఇక దీవిలో నివసించువారి రాబడి నేడు రాయి కాదు, రబ్బరు కాదు, రొయ్య కాదు; సెలవుదినముల సైకిలుదారులే. వారమధ్యమున సగము దుకాణములు తలుపు తీయవు. ఆదివారమున మాత్రము వీధి కిటకిటలాడును. చైనులకు నూనె వేయుచు, చక్రములకు గాలి కొట్టుచు, బోండములు నరుకుచు యువకులు కొందరు కనబడుదురు. దుకాణములోని వృద్ధులకు వారు కొడుకులో, మనుమలో. వారమంతయు ఆవలి ఒడ్డున ఉద్యోగములు చేసికొని, ఆ ఒక్కదినము చేతిసాయమునకు వత్తురు. సాయంకాలము లెక్క అప్పగించి, మనతోపాటే పడవెక్కి, టాంపినీస్‌లోనో బెడాక్‌లోనో ఉన్న తమ ఫ్లాట్లకు పోవుదురు.